మూడో మార్గం

వైండింగ్ షాపు,
మన ఊరు

పెద్ద ఆఫీసులో చిన్న కుర్చీ మీద కూర్చున్న మా బావమరిది గారికి,

నీ బావ రాసేది. మేమిద్దరం బాగున్నాం. నువ్వు ఉత్తరం ముక్క రాసి ఎన్నాళ్లయిందో గుర్తు చేయను. గుర్తు చేసినా దాన్ని కూడా ఏదో ఒక ఫైల్లో పెట్టి పై అధికారికి పంపిస్తావు. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో, నేను ఫోన్ తీస్తే మీ అక్క పక్కన చేరి నేను అనని మాటలు కూడా సరిదిద్దుతుంది. నువ్వేమో ఆఫీసు ఫోన్లో ఉలకవు, పలకవు. కాగితమైతే ఇద్దరం నోరు విప్పొచ్చు.

సంగతేమిటంటే, డ్యామ్‌లో నీళ్లు అడుగంటాయి. ఆ మధ్య ఒక పంపు బిగించడానికి అటు వెళ్లి కళ్లారా చూశాను. ఎప్పుడో మునిగిపోయిన పాత రోడ్డు బయటపడింది. దాని మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. వాళ్లకి సరదాగానే ఉంది గానీ నాకు నా షాపు గుర్తొచ్చింది. నీళ్లు లేకపోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే నా షాపు లేదు. కాలిపోయిన మోటార్లకి కరువేమీ ఉండదు. తీగ చుట్టి ఇచ్చాక ఒకసారి తిప్పి చూపించమంటారు కదా, అప్పుడు దేనితో తిప్పను, నోటితో ఊదనా?

ఈసారి కొండవైపు ఊళ్లకి కరెంటు కోసేసి రాజధానికి మళ్లిస్తారని ఊళ్లో ఒకటే గోల. మాస్టారు గుర్తున్నారా, వాక్యం తప్పు రాస్తే నీ చెవి మెలిపెట్టిన మన బడి మాస్టారు? ఆయన ఇంటింటికీ తిరిగి ఒక అర్జీ మీద సంతకాలు పెట్టిస్తున్నారు. క్వారీ దుమ్ము పక్కన బడి నడిపిన పుణ్యానికి నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తుంది, అయినా కాలు నిలవదు. ‘మీ బావమరిది ఆ శాఖలోనే కదా, అసలు సంగతి కనుక్కో’ అని నా ప్రాణం తోడేస్తున్నారు.

మీ అక్కకి కాస్త దగ్గు, అంతే. క్రషర్ దగ్గర అన్నేళ్లు రాళ్ల లారీలు తూకం వేయించిన మనిషికి ఆపాటి దగ్గు ఉండదా? బెంగపెట్టుకోవద్దని రాయమంది. రాశాను.

ఆ ఫైలు నీ దగ్గరికి వస్తే మన ఊరు కూడా ఈ దేశంలోనే ఉందని మీవాళ్లకి ఒకసారి గుర్తు చెయ్యి.

నీ బావ


ఇంధన శాఖ క్వార్టర్లు,
రాజధాని

బావా,

ఫైలు నా దగ్గరే ఉంది. ఈ మాట నువ్వు ఎవరితోనూ అనకూడదు. అంటావని తెలుసు, కనీసం గొంతు తగ్గించి అను.

మా పని ఎలా జరుగుతుందో నీకెప్పుడూ చెప్పలేదు కదా. మంత్రి గారికి మేం ఏ విషయం మీదైనా మూడు మార్గాలు రాసి ఇస్తాం. ఒకటే ఇస్తే ‘నాకు చెప్పేంతవాళ్లయ్యారా’ అంటారు. రెండు ఇస్తే మంత్రులు రెండు జట్లయి కొట్టుకుంటారు. మూడిస్తే మధ్యది తీసుకుని, బాగా ఆలోచించామన్న తృప్తితో భోజనానికి లేస్తారు. కాబట్టి దేశానికి ఏది కావాలో అది మధ్యలో పెట్టి, ఎవరూ ముట్టుకోని వాటిని అటొకటీ ఇటొకటీ నిలబెట్టడమే మా విద్య. మా పై అధికారి ఇందులో ఆరితేరినవాడు. ఆయన దగ్గర నేను బాగానే నేర్చుకున్నాను, ఈ ఒక్క విషయంలో కాస్త గర్వపడనివ్వు.

ఈసారి మొదటి మార్గం: ఏ కోతా పెట్టకుండా వానల కోసం ఎదురుచూడటం. అలా చూస్తే వానలకు ముందే డ్యామ్ ఎండిపోతుంది, ఆ సంగతి అందరికీ తెలుసు. రెండోది: దేశమంతటా రోజుకి రెండు గంటల కోత, రాజధానికీ, ఫ్యాక్టరీలకీ, మంత్రి గారి ఇంటికీ కూడా. మూడోది: రాజధానికీ ఫ్యాక్టరీలకీ రవ్వంత తగ్గించకుండా, కొండవైపు చిన్న ఊళ్లకి వానలొచ్చేదాకా పగలంతా కరెంటు తీసేయడం. చదివితేనే సిగ్గేసేలా ఉండాలని అలా రాశాను. అయితే మరీ గడ్డిబొమ్మలా నిలబెడితే మంత్రులకి అనుమానం వస్తుంది. అందుకని దానికి కూడా ‘లాభాలు’ అని పెట్టి నాలుగు మంచి ముక్కలు చేరుస్తాను. ఎవరూ దాని జోలికి పోరు.

ఇక అర్జీ సంగతి. దాన్ని ఎలాగైనా ఆపించు బావా. ఒత్తిడికి లొంగాడని పేపర్లలో వస్తుందంటే మా మంత్రి గారు ఇద్దామనుకున్నది కూడా ఇవ్వరు. పోయినేడు చేపలు పట్టేవాళ్లు ఊరేగింపు తీశారు. సంతకం కావలసిన వాళ్ల ఫైలు ఆ సాయంత్రమే సంతకం లేకుండా వెనక్కి వచ్చేసింది. నిర్ణయం అయ్యేదాకా మన ఊరు ఊళ్లో లేనట్టు ఉండాలి. నా మాట నమ్ము.

అక్క ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు? నేను ఎప్పుడు చేసినా స్నానం చేస్తోందంటావు. ఇంత స్నానం చేస్తే డ్యామ్ ఎండదా మరి?

నీ బావమరిది


వైండింగ్ షాపు

ఒరేయ్,

నువ్వు చెప్పినట్టే చేశాను. మాస్టారిని షాపులో కూర్చోబెట్టి, నీ పేరు ఎత్తకుండా, అయినా నీ మాటేనని ఆయనకి తెలిసేలా చెప్పాను. ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. ‘అడగనివాడికి అవసరం లేదనుకుంటారయ్యా పైవాళ్లు’ అన్నారు. నేను ఊరుకోలేదు. ‘మావాడు లోపల ఉన్నాడు మాస్టారూ, వాడు మన చెయ్యి వదలడు’ అన్నాను. చివరికి అర్జీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ‘వాడు నా దగ్గర చదివినవాడు కాబట్టి ఆగుతున్నా’ అన్నారు. వెళ్తూ వెళ్తూ నా మోటార్ల మధ్య కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుని మరీ వెళ్లారు.

మూడు మార్గాల తమాషా మీ అక్కకి చదివి వినిపించాను. బాగా నవ్వింది. ‘చిన్నప్పుడూ అంతే, నాకు ఇష్టం లేని ముక్క నా కంచంలో పెట్టి, తనకి కావలసింది తన కంచం మధ్యలో పెట్టుకునేవాడు’ అంది. నవ్వాక దగ్గొచ్చింది, అందుకని ఇకమీదట మరీ తమాషాగా రాయకు.

ఇంకొక సంగతి కూడా రాద్దామని కూర్చున్నాను. మీ అక్క వద్దంది. ఏం లేదులే.

నీ బావ


రాజధాని

బావా,

రేడియోలో వినే ఉంటావు. మూడోదే తీసుకున్నారు.

ఏం జరిగిందో రాస్తాను, నాకు నేను చెప్పుకోవడానికైనా. నేను గోడవారన కూర్చున్నాను. అడిగితేనే నోరు విప్పాల్సిన కుర్చీ అది. మొదటి మార్గాన్ని అనుకున్నట్టే పక్కన పడేశారు. రెండోది చదవగానే ఆర్థిక మంత్రి ‘రాజధానిలో రెండు గంటలా?’ అని కళ్లజోడు తీసేశారు. పరిశ్రమల మంత్రి గాజు ఫ్యాక్టరీల సంగతి ఎత్తారు. కొలిమి ఒక్కసారి చల్లారితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పాడవుతుందట. అది నిజమే. నీళ్ల సరఫరా చూసే ఆవిడ రాజధానిలో పంపులు ఆగితే పై అంతస్తులకి నీళ్లెక్కవన్నారు. అదీ నిజమే. ఆ గదిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు బావా. ఒక్కొక్కరు ఒక్కొక్క నిజం తెచ్చి రెండో మార్గం మీద పెడుతుంటే అది కుంగిపోయింది.

అప్పుడు మా మంత్రి గారు మూడోది తీసి పైకి చదివారు. నేను చేర్చిన లాభాలన్నీ ఆయన గొంతులో చాలా బాగున్నాయి. చివరి వాక్యం రెండుసార్లు చదివారు. ‘ఈ ఊళ్ల నుంచి ఇంతవరకు రాతపూర్వకమైన అభ్యంతరమేదీ అందలేదు.’ తలెత్తి, ‘అంటే వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదన్నమాట’ అన్నారు. కాదన్నవాళ్లు లేరు. భోజనాలకి లేచారు.

ఆ వాక్యం నేనే రాశాను. మూడోదాన్ని కాస్త నిలబెట్టడానికి మాటలు వెతుకుతుంటే చేతికి తగిలింది. అర్జీ ఆపించిందీ నేనే, అర్జీ రాలేదని రాసిందీ నేనే. రాసినప్పుడు ఎంత తెలివైన వాక్యం రాశాననుకున్నానో చెప్తే నా మొహాన ఉమ్మేస్తావు.

వానలు వచ్చేదాకానే కదా. షాపు మూతపడినా ఇల్లు గడిచే సంగతి నేను చూసుకుంటాను. మాస్టారికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నన్ను తిట్టు, కానీ ఉత్తరం రాయి.

నీ బావమరిది


ఇల్లు

షాపు గురించి రాశావు. షాపు తగలబడనీ.

మీ అక్క మిషన్ మీద బతుకుతోంది రా.

పోయిన చలికాలం నుంచి. గోడకి ప్లగ్గు పెడితే గదిలో గాలి పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి గొట్టంలో పంపే మిషన్. గొట్టం ముక్కుకి పెట్టుకుని మంచం మీద ఉంటుంది, గుమ్మం దాకా నడుస్తుంది. ఆ మిషన్ పాత ఫ్రిజ్‌లా గురగురమంటుంది. నీకు వినపడుతుందనే ఫోన్ ఎత్తలేదు. ‘వాడికి తెలిస్తే ఉద్యోగం మానేసి వచ్చి నా మంచం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చుంటాడు, ఆ మొహం చూస్తే ఉన్న ఊపిరి కూడా ఆడదు నాకు’ అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు నిలబెట్టుకున్నాను చూడు, ఎంత మంచి మొగుణ్ణి.

మన వీధిలో ఇటు పక్కింట్లో ఒక మిషన్, అటు పక్కింట్లో ఒకటి. పైవీధిలో మాస్టారికి ఒకటి, ఊళ్లో ఇంకా ఎన్నో. ఆ డ్యామ్‌కి రాయి పగలగొట్టి పంపింది ఈ ఊరే. ఆ రాయి దుమ్ము మా లోపల ఉంది, ఆ డ్యామ్ కరెంటు మాకు లేదు. ఇది మీ ఫైల్లో ఎక్కడైనా రాశారా? రాసి ఉండరు. మేం అర్జీ పెట్టలేదుగా.

నువ్వు అడిగితే నేను ఆపాను. నేను అడిగితే మాస్టారు ఆపారు. నిన్న ఆయన షాపు ముందు నుంచి వెళ్తుంటే నేను మోటారు వెనక దాక్కున్నాను. ఈ వయసులో.

ఏదైనా చెయ్యి. ఏం చేస్తావో నాకు తెలియదు, నువ్వే లోపల ఉన్నావు.


రాజధాని

బావా,

నీ ఉత్తరం చదివి ఏం చేశానో సరిగా గుర్తులేదు. మెట్ల మీద కూర్చుండిపోయానని కాపలా అతను చెప్పాడు.

అక్కని తీసుకుని వెంటనే బయల్దేరు. అంబులెన్సు నేను పంపుతాను. నా గదిలో మంచం ఖాళీ చేశాను, మిషన్ పెట్టడానికి గోడ పక్కన చోటు కూడా చూశాను. ఇక్కడ కరెంటు ఒక్క క్షణం పోదు. రాసిందే అలా కదా.

కొత్త నోట్ ఒకటి రాసి పై అధికారికి ఇచ్చాను, ఇళ్లలో మిషన్ల మీద ఉన్నవాళ్ల గురించి. ఆయన చదివారు. చెడ్డవాడు కాదు. ‘బాగా రాశావు’ అని సొరుగులో పెట్టారు. ఎప్పుడు పంపుతారు సార్ అంటే, ‘నిర్ణయాన్ని తిరగదోడాలంటే ముందు అది అమలై ఫలితాలు రావాలి కదా’ అన్నారు. ఫలితాలంటే ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మంత్రి గారి కార్యదర్శి కాళ్లావేళ్లా పడ్డాను. ‘ప్రకటించి వారం కాలేదు, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ప్రభుత్వానికే వణుకు పుట్టిందంటారు. అందరికీ కుదరదు. ఒక్క ఇల్లంటే ఏదో చూడొచ్చు’ అన్నాడు. ఆసుపత్రి లైనుకి కోత లేదు. ఆ లైను మన వీధి చివర నుంచే పోతుంది కదా? శాఖ నుంచి కాగితం వస్తే అక్కడి లైన్‌మన్ మీ ఇంటికి కలుపుతాడు.

ఇది ఎలాంటి మాటో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. అక్క కోసం అడుగుతున్నాను. అవునని ఒక్క ముక్క రాయి.

నీ బావమరిది


ఇల్లు

ఒరేయ్,

ప్రయాణం కుదరదు. కనుమ దారి పైకెక్కాక గాలి పలచబడుతుంది, అక్కడ ఏమైనా అయితే రోడ్డు మీద తాను చేయగలిగింది ఏమీ లేదని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. ఆసుపత్రిలో ఉన్న కాసిని మంచాలూ నిండిపోయాయి, వరండాలో కూడా పడుకోబెట్టారు.

మా పగలు ఎలా గడుస్తుందో రాస్తాను. తెల్లవారగానే కరెంటు పోతుంది. షాపులో ఉన్న బ్యాటరీలన్నీ ఇంటికి మోసుకొచ్చి కలిపాను, వాటితో మిషన్ మధ్యాహ్నం దాకా లాగుతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ సిలిండర్. మునిసిపాలిటీవాళ్లు కిందామీదా పడి ప్రత్యేక కోటా తెచ్చుకున్నారు, రోజూ ఒక వ్యాన్ వస్తోంది. ఇంటికొకటి ఇస్తారు. దాని మీటరు ముల్లు పడిపోతుంటే చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగం ఇప్పుడు. మీ అక్క నా మొహం చూసి ముల్లు ఎక్కడుందో చెప్పేస్తోంది. అందుకని నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటున్నాను. పొద్దు కుంకాక కరెంటు వస్తుంది, వీధంతా ఒక్కసారి మిషన్లు గురగురమంటాయి. ఆ చప్పుడుకి నాకు ఏడుపొస్తోంది రా.

మాస్టారి దగ్గరికి వెళ్లాను. తలుపు తీసి, నేనేమీ అనకముందే జేబులోంచి అర్జీ తీశారు. మిషన్ల మీద ఉన్నవాళ్లందరి వివరాలూ చేర్చి మళ్లీ రాశాం. ఆయన చెప్తుంటే నేను రాశాను. పంపించేశాం. మీ దగ్గరికే వస్తుంది.

ఒక్క ఇల్లు అన్నావు. వద్దని రాయడానికే కలం పట్టుకున్నాను, వీధిలో అందరి ఇళ్లూ చీకట్లో ఉంటే మనమొక్కళ్లం ఎలా వెలుగుతాం? వద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు, అవునని రాయడానికీ రావడం లేదు. మీ అక్కకి చెప్పలేదు. ఆవిడకి చెప్పకుండా నేను దేన్నీ తేల్చిన అలవాటు లేదని నీకు తెలుసుగా.

నీ బావ


ఇల్లు

తమ్ముడూ,

మీ బావ బ్యాటరీల కోసం బయటికెళ్లారు. నీ ఉత్తరాలు బియ్యం డబ్బాలో దాచారు. ఆయనకి దాచడం చేతకాదు, నాకు వెతకడం చేతనవును. అన్నీ చదివాను.

గబగబా రాస్తున్నాను, వాక్యాలు సరిగా లేకపోతే ఏమీ అనుకోకు.

ఆ మూడో మార్గం నువ్వు రాశావని కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని, అయితే చెయ్యి ఎత్తితే ఆయాసం. కాబట్టి నువ్వు అదృష్టవంతుడివి.

ఆ ఒక్క ఇల్లు సంగతి. మీ బావ తటపటాయిస్తున్నారు. ఊరంతా ఒకటీ మనమొకటీనా అని ఆయన బాధ. ఆయన ఊపిరి ఆయనకి ఆడుతోంది కనక అలా ఆలోచించగలుగుతున్నారు. నా సంగతి వేరు. బ్యాటరీ అయిపోయి సిలిండర్ తగిలించే ఆ కాసేపట్లో నాకు ఊరు గుర్తుండదు, ధర్మం గుర్తుండదు, ఎదురుగా ఉన్న ఆయన కూడా గుర్తుండరు. నీళ్లలో ఎవరో తల నొక్కిపట్టినట్టుంటుంది. ఒక్క ఊపిరి, ఇంకొక్క ఊపిరి, అంతే కావాలి. నేను మంచిదాన్నని అందరూ అంటారు. మంచితనానికి కూడా ఊపిరి కావాలని ఇప్పుడు తెలిసింది.

నాకు బతకాలని ఉంది రా. సిగ్గు విడిచి రాస్తున్నాను. వానలు చూడాలని ఉంది. మీ బావతో ఇంకా చాలా పోట్లాడాలని ఉంది. నువ్వు పెళ్లి చేసుకుంటానంటే ఆ పిల్లని చూసి వంకలు పెట్టాలని ఉంది.

ఆ ఒక్క ఇల్లు నాది చెయ్యి. ఎలా చేశావో నాకు చెప్పకు.

అక్క


రాజధాని

బావా,

అక్క నాకు రాసింది. ఏం రాసిందో ఆవిణ్ణే అడుగు, చెప్తే విను. రేపో ఎల్లుండో లైన్‌మన్ మీ ఇంటికి వస్తాడు. కాగితం మీద సంతకం అయింది.

దానికి నేనేం ఇచ్చానో నీకు తెలియాలి. మీ అర్జీ చేరింది. దానికి జవాబు రాసే సీటు నాదే. కార్యదర్శి ఒకటే షరతు పెట్టాడు. జవాబులో ఒక వాక్యం ఉండాలి, అది ఉంటే పేపర్లవాళ్లు అడిగినా మంత్రి గారు చూపించుకోవచ్చు. ‘ఇళ్లలో ఆక్సిజన్ మిషన్లపై ఉన్న రోగులందరికీ తగిన ఏర్పాట్లు పూర్తయ్యాయి.’ నేను రాసి కింద సంతకం పెట్టాక అక్క కాగితం నా ముందుకు తోశాడు.

సిలిండర్ల వ్యాన్ వస్తోందని నువ్వే రాశావు. కాబట్టి అది మొత్తంగా అబద్ధం కాదనుకున్నాను. అనుకోకపోతే చెయ్యి కదలదు బావా.

అక్కకి చెప్పొద్దు. కరెంటు రాగానే నాకు రాయి.

నీ బావమరిది


ఇల్లు

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

లైన్‌మన్ వచ్చాడు. పట్టపగలు స్తంభం ఎక్కి తీగ లాగుతుంటే వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. కరెంటు వచ్చింది, మిషన్ మొదలైంది. మీ అక్క నా చెయ్యి పట్టుకుని నవ్వింది. చాలా రోజులకి ముల్లు చూడకుండా ఆమె మొహం చూశాను. ఆ పూట నువ్వు ఎదురుగా ఉంటే నిన్ను కావలించుకునేవాణ్ణి, అది కూడా దాచను.

ఆ సాయంత్రమే అటూ ఇటూ పక్కింటి మిషన్లకి మా ఇంటి నుంచి వైర్లు లాగాను. అంతకంటే మోయదు ఆ తీగ. నాలుగోది పెట్టి చూశాను, ఆసుపత్రి వైపు దీపాలు కూడా ఆరిపోయాయి. లైన్‌మన్ వచ్చి దణ్ణం పెట్టి తీసేశాడు.

నీ జవాబు మునిసిపాలిటీ బోర్డు మీద అంటించారు. మాస్టారు కర్ర పట్టుకుని వచ్చి, నిలబడి, మొత్తం చదివారు. చివర నీ సంతకం మీద వేలు పెట్టి చూసుకున్నారు. ‘ఒక్క తప్పు లేదు. వాడికి వాక్యం నేనే నేర్పాను’ అన్నారు. నా వైపు తిరిగి, ‘ఏర్పాట్లు ఎక్కడ చేశారటయ్యా?’ అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడు సిలిండర్ల వ్యాన్ రాలేదు. మునిసిపాలిటీకి పరిగెత్తాను. ఏర్పాట్లు పూర్తయ్యాయని శాఖే రాసింది కాబట్టి ప్రత్యేక కోటా రద్దయిందట. వాళ్లేం చేస్తారు, నీ కాగితమే తీసి నాకు చూపించారు. అక్కడి గుమస్తా కూడా ఏడుపు మొహంతోనే ఉన్నాడు, వాళ్ల నాన్నకీ మిషనే.

మోటార్లు మోసే తోపుడు బండి తీసుకుని పైవీధికి వెళ్లాను, మాస్టారిని మా ఇంటికి తెచ్చి, మీ అక్కా ఆయనా వంతులేసుకుని ఆ గొట్టం పెట్టుకుంటారని. వెళ్లేసరికి ఆయన గుమ్మంలో నేల మీద కూర్చుని ఉన్నారు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. పెదాలు నల్లబడ్డాయి. ఎత్తి బండి మీద కూర్చోబెట్టి ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని ఒక చేత్తో తోశాను. దారంతా మాట్లాడుతూనే ఉన్నాను, వచ్చేశాం మాస్టారూ, వచ్చేశాం అని. మన వీధి మలుపు తిరిగాక ఆయన బరువు మారింది. మా మిషన్ చప్పుడు వినపడుతూనే ఉంది.

ఎవరింట్లో ఏడుపని మీ అక్క అడిగింది. చెప్పాను. నువ్వు రాసిన వాక్యం గురించి కూడా చెప్పేశాను, నా వల్ల కాలేదు. చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్లింది. గొట్టం పీకేస్తుందేమోనని లేచాను. పీకలేదు. సర్దుకుంది. కిటికీ మూయమంది, మూశాను. ఆమెని నేను తప్పుపట్టను. ఎవరైనా తప్పుపడితే ఊరుకోను కూడా.

మాస్టారి పాడె మోసేటప్పుడు నేనూ భుజం పట్టబోతే పక్కకి జరిగి చోటిచ్చారు. ఎవరైనా ఒక మాట అంటే బాగుండేది. ఆ రోజే ఇంకో ఇంటి నుంచి కూడా కబురొచ్చింది. వానల జాడ లేదు.

మీ అక్క బతికే ఉంది. బాగా ఊపిరి పీలుస్తోంది, నిన్న గుమ్మం దాకా నడిచింది. నిన్ను చూడాలంటోంది, రమ్మని రాయమంది. ఆవిడ మాటగా రాశాను.

నువ్వు రావద్దు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో మీ అక్క మాటే చెల్లింది. ఈ ఒక్కదానికి నా మాట చెల్లనివ్వు.

మీ అక్క భర్త